ఆ ఫొటోలోని పాపకు ఇప్పుడు పదకొండేళ్లు

సలహా అడుగుతూ ఈ వారం వచ్చిన ఉత్తరం, తెలంగాణలోని ఒక జిల్లా నుంచి. రాసినాయన వయసు 36. ఒక పత్రికకు స్ట్రింగర్‌గా, అంటే నెల జీతం లేకుండా, ఫొటోలు తీస్తారు, మిగతా రోజుల్లో పెళ్లిళ్లు, ఫంక్షన్లు. ఆరు పేజీలు చేత్తో రాసి, ఆ పేజీలను ఫొటోలు తీసి పంపారు. పేరు, ఊరు వద్దన్నారు.

మూడేళ్ల కిందట పత్తి తీసే రోజుల్లో డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. ఫలానా ఊళ్లో కౌలు రైతు ప్రాణం తీసుకున్నాడు, వెళ్లి ఫొటో పంపమని. ఈయన వెళ్లేసరికి శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి దుప్పటి కప్పారు. భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కనే ఎనిమిదేళ్ల కూతురు, స్కూల్ యూనిఫాంలోనే ఉంది, చేతిలో తండ్రి సెల్‌ఫోన్. ఆ ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తేవాళ్లు లేరు. కట్ చేయాలని పాపకు తోచలేదు. ఈయన పద్నాలుగు ఫ్రేములు తీశారు. పదకొండో ఫ్రేములో పాప తలెత్తి లెన్సులోకి చూసింది. తీయడం అయ్యాక ఇంట్లో వాళ్లెవరో గ్లాసుతో మంచినీళ్లిస్తే తాగి, బండెక్కి వచ్చేశారు.

ఆ పదకొండో ఫ్రేముకు మరుసటి ఏడాది జాతీయ స్థాయి పోటీలో మొదటి బహుమతి వచ్చింది. 50 వేల రూపాయలు. ఆ డబ్బుకి ఇంకొంత అప్పు కలిపి లెన్సు కొన్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో జరగబోయే ఎగ్జిబిషన్‌లో అదే ఫొటోను ఐదడుగుల ప్రింటు వేసి, ఈయన్ని స్టేజీ మీద మాట్లాడమంటున్నారు. ఇంకా మూడు వారాలుంది. ఈలోగా పాప తల్లి ఎవరి దగ్గరో నంబరు తీసుకుని ఫోన్ చేసింది. "గా ఫొటో తీసేయి అన్నా. పిల్ల హాస్టల్ల ఉండనంటున్నది. అందరు అదే చూపెట్టి అడుగుతున్నరంట." ఈయన సరేనమ్మా అన్నారు కానీ, ఏం చేయాలో తెలియక నెల రోజులుగా కూర్చున్నారు.

భార్య ఆ డబ్బు వాళ్లకు ఇచ్చేయమంటోంది, లెన్సు అమ్మయినా సరే. సీనియర్ మిత్రుడు మాత్రం ఆ ఫొటో వల్లే కౌలు రైతుల బాధ నలుగురికీ తెలిసిందనీ, సెంటిమెంటుకు పోవద్దనీ అంటున్నాడు. ఈయనకు నిద్ర పట్టడం లేదు. ఎక్కడ ఫోన్ మోగినా ఒళ్లు ఝల్లుమంటోందట. "నేను మనిషిగా ఫెయిలయ్యానా? ఫొటో వెనక్కి తీసుకోవాలా? డబ్బు ఇచ్చేయాలా? ఈ పని మానేసి బావమరిది స్టూడియోలో చేరిపోనా?" ఇవీ ప్రశ్నలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆరు పేజీల్లో ఆ తల్లి ఫోన్ సంగతి నాలుగో పేజీ చివర మూడు వాక్యాల్లో ఉంది. మిగతాదంతా మీ గురించి. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. బాధలో ఉన్న మనిషికి ముందు తన గాయమే కనిపిస్తుంది. కానీ ముడి అక్కడే పడింది. మీ లోపల రెండు వేర్వేరు విషయాలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. మూడేళ్ల కిందట ఆ వాకిట్లో మీరు చేసింది సరైనదేనా అన్నది ఒకటి. ఇవాళ హాస్టల్లో ఒక పాప ఏడుస్తోంది అన్నది రెండోది. మొదటిది తేలితే తప్ప రెండోది చేయలేను అన్నట్టు మీరు నెల రోజులు ఆగిపోయారు. మొదటిది తేలడానికి ఏళ్లు పట్టొచ్చు. రెండోదానికి మూడు వారాల గడువుంది. ఆమె మిమ్మల్ని క్షమాపణ అడగలేదు, డబ్బు అడగలేదు. ఆ ఫొటో ఒక్కటే తీసేయమంది.

అయినా మొదటి ప్రశ్న దాటేసి వెళ్తే మీ మనసు ఒప్పుకోదు. కెవిన్ కార్టర్‌ను తలచుకుంటూ ఒక పేజీ రాశారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

1993 మార్చిలో సూడాన్ దక్షిణ భాగంలోని అయోద్ అనే ఊరి దగ్గర ఆ దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో మీకు తెలుసు. ఎముకల గూడులా ఉన్న పసిబిడ్డ నేల మీద వంగిపోయి ఉంది, వెనక రాబందు. మార్చి 26న న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. బిడ్డ ఏమైందని అడుగుతూ జనం పత్రికకు రాశారు. రాబందును తోలేశాక బిడ్డ నడవగలిగిందనీ, అన్నం పెట్టే కేంద్రానికి చేరిందో లేదో తెలియదనీ పత్రిక వివరణ వేసింది. 1994లో దానికి అమెరికా పత్రికా రంగంలో పెద్ద బహుమతి పులిట్జర్ వచ్చింది. రాబందు రెక్కలు విప్పుతుందేమోనని కార్టర్ ఇరవై నిమిషాలు ఎదురుచూశాడన్న సంగతి బయటికొచ్చి, బిడ్డను ఎత్తుకోలేదేమని లోకమంతా తిట్టింది. ఆ జులైలోనే, 33 ఏళ్ల వయసులో అతను ప్రాణం తీసుకున్నాడు. ఇంతవరకే మనవాళ్లు వాట్సాప్‌లో పంచుకుంటారు, కింద ఒక నీతి రాసి.

ఫొటో పాపమే అతన్ని తినేసిందని మీరూ రాశారు. అది నిజం కాదు. ఏప్రిల్‌లో అతని ఆప్తమిత్రుడు, తోటి ఫొటోగ్రాఫర్ కెన్ ఊస్టర్‌బ్రూక్ కాల్పుల్లో పోయాడు. అప్పులున్నాయి. మత్తు మందుల అలవాటుంది. ఏళ్ల తరబడి చూసిన హత్యలు, శవాలు నిద్రలో వెంటాడేవి. ఇన్ని కలిసిన చావును ఒక్క ఫొటోకు కట్టేసి, ఆ తాడును మీ మెడకు మీరే చుట్టుకోకండి. దయచేసి.

నా మనసులో నిలిచిపోయింది వేరే విషయం. ఆ ఫొటోలోనే బిడ్డ కుడి మణికట్టుకు ప్లాస్టిక్ పట్టీ కనిపిస్తుంది. సహాయ కేంద్రం వాళ్లు పేరు నమోదు చేసుకున్న బిడ్డలకు కట్టే పట్టీ అది. అంటే ఆ బిడ్డ అప్పటికే కేంద్రం లెక్కలో ఉంది. ఇంత వాదన జరిగినా ఆ పట్టీ వెంట పడి వెళ్లినవాళ్లు చాలాకాలం లేరు. 2011లో స్పెయిన్‌కు చెందిన ఎల్ ముండో పత్రిక విలేకరి అయోద్ వెళ్లి కుటుంబాన్ని కలిశాడు. అప్పటిదాకా అందరూ ఆడపిల్ల అనుకున్నది మగపిల్లవాడని అక్కడ చెప్పారు. ఆ కరవులో చనిపోలేదు, ఇంకా చాలా ఏళ్లు బతికి, తర్వాతెప్పుడో జ్వరంతో పోయాడట. పద్దెనిమిదేళ్ల పాటు లోకం ఫొటోగ్రాఫర్ మంచివాడా చెడ్డవాడా అని తేల్చుకుంటూ ఉండిపోయింది. బిడ్డ ఎక్కడున్నాడో ఎవరికీ పట్టలేదు. మీరు నెల రోజులుగా చేస్తున్నది కూడా, చిన్న ఎత్తున, అదే.

మనిషిగా ఫెయిలయ్యారా? మీరు వెళ్లేసరికి ఆయన పోయి కొన్ని గంటలైంది. మీరు కాపాడగలిగిన ప్రాణం ఆ వాకిట్లో లేదు. పాప చేతిలోంచి ఆ ఫోన్ తీసుకుని కట్ చేసి ఉండొచ్చు. అదొక్కటి చేసి ఉండొచ్చు. చేయలేదని మీకు తెలుసు, అందుకే ఇప్పుడు రింగ్‌టోన్ వింటే ఉలిక్కిపడుతున్నారు. ఆ మాట వరకు ఒప్పుకోండి, అంతకు మించి పెంచకండి. ఇక ఆ నీళ్లు తాగడం గురించి ఒక పేజీ రాశారు. చావింట్లో కూడా వచ్చినవాళ్లకు నీళ్లివ్వడం మన పల్లెల పద్ధతి. వాళ్లు ఇచ్చారు, మీరు తాగారు. అందులో నేరం లేదు.

ఇప్పుడు ఫొటో సంగతి. మీ పరిస్థితికి దగ్గరగా కార్టర్ కంటే కుతుబుద్దీన్ అన్సారీ కథ ఉంటుంది. 2002లో గుజరాత్ అల్లర్లప్పుడు అహ్మదాబాద్‌లో, కళ్లలో నీళ్లతో రెండు చేతులూ జోడించి వేడుకుంటున్న ఆ టైలర్ ఫొటోను రాయిటర్స్ వార్తా సంస్థకు పనిచేసే అర్కో దత్తా తీశారు. ఆ అల్లర్లకు అదే ముఖమైంది. ఫొటో నిజం చెప్పింది, చెప్పాల్సిన నిజమే. అన్సారీకి మాత్రం ఊళ్లో బతకడం కష్టమైంది. ఎక్కడికెళ్లినా గుర్తుపట్టేవాళ్లు. పని పోయింది. మాలేగావ్ వెళ్లాడు, కోల్‌కతా వెళ్లాడు, మళ్లీ అహ్మదాబాదే వచ్చాడు. అడక్కుండా పార్టీల వాళ్లు పోస్టర్ల మీద వేసుకున్నారు. నా ఫొటో వాడొద్దు, నన్ను వదిలేయండి అని ఆయన బతిమాలుకున్నారు. పదేళ్ల తర్వాత దత్తా వెళ్లి ఆయన్ని కలిశారు.

కాబట్టి మీ మిత్రుడి మాటా నిజమే, ఆ తల్లి మాటా నిజమే. ఫొటో మంచి చేసింది, ఆ పాపకు చెడు కూడా చేస్తోంది. ఒకటి ఒప్పుకుంటే రెండోది అబద్ధమైపోదు.

మీ ముందున్న దారులు చూద్దాం. ఎగ్జిబిషన్ నుంచి ఫొటోను పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు. నిర్వాహకులు నొచ్చుకుంటారు. వచ్చే ఏడాది పిలవకపోవచ్చు. మీ ఫీల్డులో నలుగురూ నాలుగు మాటలంటారు. పోటీ ఎంట్రీ ఫారంలో, విజేత ఫొటోలను ప్రచారానికి వాడుకుంటామన్న షరతు సాధారణంగా ఉంటుంది. అది ఒకసారి తీసి చదవండి. పత్రికతో మీకున్న కాగితం కూడా చదవండి. జీతం మీద ఉన్న ఉద్యోగి తీసిన ఫొటోను పత్రికలో వేసుకునే హక్కు కాపీరైట్ చట్టం ప్రకారం యజమానిది. స్ట్రింగర్ల విషయం వాళ్లు పెట్టిన సంతకాన్ని బట్టి, ఎవరు డబ్బిచ్చి తీయించారన్నదాన్ని బట్టి మారుతుంది. మీ చేతిలో ఎంతుందో తెలిశాకే ఆమెకు మాటివ్వండి. మొదట ఫోన్లో సరేనమ్మా అన్నట్టు ఈసారి అనకండి.

ఆ ఫ్రేమును పక్కనపెట్టి, అదే రోజు తీసిన ఇంకో ఫ్రేము ఇవ్వడం ఇంకో దారి. మూడో ఫ్రేములో పాప మొహం లేదని, యూనిఫాం చెయ్యి, అందులో వెలుగుతున్న ఫోన్ మాత్రమే ఉన్నాయని మీరే రాశారు. మొహం లేకపోతే బలం తగ్గుతుందని మీ భయం. 2004 సునామీ తర్వాత కడలూరులో ఇసుకలో బోర్లా పడి ఏడుస్తున్న స్త్రీ ఫొటోకు వరల్డ్ ప్రెస్ ఫొటో అనే అంతర్జాతీయ పోటీలో ఆ ఏటి ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. చనిపోయిన మనిషి అందులో ఒక అంచున కనిపించే చెయ్యి మాత్రమే. అది తీసింది కూడా అర్కో దత్తానే. 2024లో అదే బహుమతి గాజాకు చెందిన మహమ్మద్ సలేం ఫొటోకు వచ్చింది. తెల్లగుడ్డలో చుట్టిన మేనకోడల్ని పొదువుకుని కూర్చున్న స్త్రీ. ఇద్దరి మొహాలూ కనపడవు. చూసినవాళ్ల గొంతు పూడుకుపోవడానికి మొహమే ఉండాలని లేదు. కాకపోతే ఆ మూడో ఫ్రేమైనా వాళ్లను అడిగే పెట్టాలి. ఆ ఇల్లు, ఆ చెయ్యి వాళ్లవే. ఇంకో మాట, బహుమతి పొందిన ఫ్రేములోనే పాప మొహం మసకేసి పెడదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాపను అవమానించినట్టూ ఉంటుంది, ఫొటోను పాడుచేసినట్టూ ఉంటుంది.

వాళ్ల అనుమతితో అదే ఫొటో పెట్టడం అనే దారి కూడా ఉంది. దాన్ని ముందే మూసేయకండి. నేను జిల్లా డెస్క్‌లో ఉన్న రోజుల్లో ఒక బస్సు ప్రమాదం ఫొటో వేశాం. వేశాక నాకే తిన్నగా నిద్ర పట్టలేదు. పది రోజులకు ఒక ముసలాయన ఆఫీసుకు వచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకుని లేచి నిలబడ్డాను. "ఆ పేపరు ఇంకొకటి ఉంటే ఇస్తారా సార్" అన్నాడు. గుంపులో ఒక మూలన, చనిపోయిన కొడుకు చొక్కా కనిపిస్తోందట. ఇంట్లో వేరే ఫొటో లేదు. పాత కట్టలు వెతికి రెండు కాపీలిచ్చాను. ఆయన ఆ పేజీని మడత పడకుండా చుట్టి టవల్లో పెట్టుకున్నాడు. బాధలో ఉన్నవాళ్లకు ఏం కావాలో మనం ఊహించలేమని ఆ రోజు అర్థమైంది. అడగాలి. అయితే మీరు అడిగేటప్పుడు ఒక చిక్కుంది. డబ్బు చేతిలో పెట్టి అడిగితే ఆమె ఔననక ఏం చేస్తుంది? ఆ ఔనుకు విలువుండదు.

ఏమీ చేయకుండా ఫొటో యథాతథంగా పెట్టేయడం చివరి దారి. చట్టం మిమ్మల్ని ఆపకపోవచ్చు. కానీ స్టేజీ మీద, ఆ ఐదడుగుల ప్రింటు పక్కన నిలబడి మాట్లాడుతున్నప్పుడు జేబులో ఫోన్ మోగితే మీకెలా ఉంటుందో మీరే చెప్పగలరు.

వెళ్లి కలవండి. కెమెరా ఇంట్లో పెట్టి వెళ్లండి. మీ భార్యను తీసుకెళ్తే ఆమెకు మాట్లాడటం తేలికవుతుంది. పద్నాలుగు ఫ్రేములూ చిన్న ప్రింట్లు వేసుకుని వెళ్లండి, చూస్తానంటేనే చూపించండి. చేయగలిగిందీ, చేయలేనిదీ రెండూ చెప్పండి. జనం ఫోన్లలో ఉన్న కాపీలు ఎవరూ తీయలేరు. పత్రిక వెబ్‌సైట్లో ఉన్నది తీయమని డెస్క్‌కు రాతపూర్వకంగా అడగొచ్చు. ఫొటో తీయకపోయినా క్యాప్షన్లోంచి పాప పేరు, ఊరు పేరు తీయించడం పెద్ద పని కాదు. హాస్టల్ పిల్లలు గుర్తుపట్టింది ఆ పేరును బట్టేనని మీరే రాశారు. 1936లో అమెరికాలో డొరొథియా లాంగ్ తీసిన ఫ్లోరెన్స్ థాంప్సన్ అనే కూలీ తల్లి ఫొటో లోకమంతా తిరిగింది. నా పేరు కూడా అడగలేదని ఆమె నలభై ఏళ్ల తర్వాత బాధపడింది. మీరు పేరు అడిగి రాశారు, అది పద్ధతే. పిల్లల విషయంలో మాత్రం ఆ పద్ధతే ఎదురు తిరిగింది.

తల్లి సరేనంటే పాపతో కూడా మాట్లాడండి. పదకొండేళ్ల పిల్లకు తన ఇష్టం తనకుంటుంది. ఆ ఇష్టం రేపు మారొచ్చు కూడా. 1972లో వియత్నాంలో నాపామ్ బాంబుల మంటల్లోంచి పరిగెత్తిన కిమ్ ఫుక్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఫొటో ఎవరు తీశారన్నదాని మీద ఈ మధ్య కొత్త వివాదం లేచింది, దాని జోలికి నేను పోను. ఆమె చాలా ఏళ్లు ఆ ఫొటోను అసహ్యించుకుంది. ప్రభుత్వం ఆమె చదువు ఆపించి మరీ ఇంటర్వ్యూలకు తిప్పింది. పెద్దయ్యాక కెనడా చేరి, యుద్ధంలో గాయపడిన పిల్లల కోసం అదే ఫొటోను తనే చేతిలోకి తీసుకుంది. మీ పాపా ఎప్పటికైనా అలా అనుకోవచ్చు, అనుకోకపోవచ్చు. అది తను తేల్చుకోవాల్సిందే, మీరో నేనో తొందరపెట్టేది కాదు. ఇప్పటికైతే హాస్టల్ వార్డెన్‌తో ఒక మాట చెప్పించండి. ఐదడుగుల ప్రింటు ఆపడం కంటే పాపకు అదే ముందు పనికొస్తుంది.

డబ్బు విషయంలో మీ భార్యది మంచి మనసు. కానీ మొదటిసారి వెళ్లినప్పుడు కవరు తీసుకెళ్లకండి, నోరు మూయించడానికి ఇచ్చినట్టుంటుంది. రెండోసారో మూడోసారో, పాప చదువు పేరుతో మాట్లాడండి. ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లలోపే తెరవాలి, కాబట్టి ఈ పాపకు కుదరదు. పోస్టాఫీసులో పాప పేరు మీద నెలనెలా ఆర్‌డీ పొదుపు కట్టొచ్చు. లెన్సు అమ్మాల్సిన పని లేదు, అప్పు ఇంకా తీరలేదు కదా. నెలకు వెయ్యి కట్టినా మాట నిలబడుతుంది. ఒక్కసారిగా 50 వేలు ఇస్తే ఊళ్లో తెలుస్తుంది, ఆమెకున్న అప్పులవాళ్లే ముందు వస్తారు. డబ్బు కంటే మీరు బాగా చేయగలిగింది ఇంకొకటుంది. ఆ కుటుంబం కౌలుది. పట్టాదారు పాస్‌బుక్ లేదు కాబట్టి రైతు బీమా 5 లక్షలు రాలేదు. వితంతు పింఛను కాగితాలు ఎక్కడ ఆగాయో, ఎక్స్‌గ్రేషియా దరఖాస్తు అసలు పెట్టారో లేదో కనుక్కోండి. ఎమ్మార్వో ఆఫీసులో మిమ్మల్ని పలకరించి కూర్చోబెడతారు. ఆమెను గుమ్మం దగ్గరే నిలబెడతారు. ఒకసారి ఆమె పక్కన నడిచి లోపలికి వెళ్లండి.

పని మానేయడం గురించి ఇప్పుడే తేల్చుకోకండి. స్టూడియో పని గౌరవమైనదే, పెళ్లి ఫొటోలు తీయడంలో తక్కువేం లేదు. కాకపోతే నిద్ర లేని మనిషి తీసుకునే పెద్ద నిర్ణయాల మీద నాకు నమ్మకం తక్కువ. నెల రోజులుగా నిద్ర లేకపోవడం, ఫోన్ మోగితే ఒళ్లు ఝల్లుమనడం మామూలు టెన్షన్ కాదు. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అంతవరకూ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీద విరక్తి లాంటి ఆలోచన వస్తే ఏ వేళైనా సరే చేయండి, భార్యకు కూడా చెప్పండి. ఇలాంటివి చూసి వచ్చిన ఫొటోగ్రాఫర్లకు ఇది వస్తుంది. దాన్ని దాచుకున్నవాళ్లే ఎక్కువ నలిగిపోయారు.

ఇవాళే ఆమెకు ఫోన్ చేయండి. "అమ్మా, నెల రోజులు చేయలేకపోయాను, తప్పే. ఈ ఆదివారం రావచ్చా?" అంతే అడగండి, ఫోన్లో ఇంకేం వద్దు. ఎగ్జిబిషన్ వాళ్లకు కూడా ఇవాళే, కుటుంబంతో మాట్లాడేదాకా ఆ ప్రింటు వేయించొద్దని మెసేజ్ పెట్టండి. వెళ్లాక అదే వాకిట్లో కూర్చోవాల్సి వస్తుంది. ఆమె కోపంగా మాట్లాడితే విని ఊరుకోండి. లోపల్నుంచి ఎవరైనా నీళ్లు తెచ్చిస్తే వద్దనకుండా తాగండి.